‘రాసేశాను’ అనని డాక్టరు

మావయ్య పోయారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే గోడకి ఆనుకుని కూలబడ్డారు. పక్కవీధి నర్సింగ్ హోమ్‌కి మోసుకెళితే అక్కడి కుర్ర డాక్టరు ఈసీజీ తీసి చూసి, "వైజాగ్ రాసేస్తున్నానండీ, బేగి బయల్దేరండి" అన్నాడు. ఆ మాటకి మా అమ్మ అక్కడే మెట్ల మీద గొంతెత్తి ఏడ్చింది. ఊపిరున్న మనిషిని పక్కన పెట్టుకుని ఏడుపేమిటని కసిరాను. కారు తాళ్ళపాలెం చేరకముందే మావయ్య పోయారు.

ఆ కుర్ర డాక్టరుది తప్పేమీ లేదు. డాక్టర్లు మీరందరూ రోజూ అనే మాటే అతనూ అన్నాడు. కానీ మా వైపు ఆ మాటకి అర్థం వేరు. ఆ అర్థం తెలిసిన రోజు నుంచి మావయ్య దాన్ని తన గదిలోకి రానివ్వలేదు.

మీ మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఫోను వచ్చింది. ఈ ఏడాది సమావేశానికి వేసే సావనీరులో ఆయన గురించి ఒక పేజీ కావాలట. "ఏవైనా నాలుగు మంచి మాటలు రాసిపెట్టు బాబూ" అన్నారు. మంచి మాటల కంటే ముందు కోపం వస్తోంది, ఏం చెయ్యను? ఇది చదివేవాళ్ళలో సగం మంది ఆయనతో హాస్టల్లో ఉన్నవాళ్ళు, సగం మంది ఆయన్ని ఎరగనివాళ్ళు. అందరికీ తెలిసేలా మొదటినుంచీ చెబుతాను. పేజీ దాటితే ఏదో ఒక మందుల కంపెనీ ప్రకటన తీసెయ్యండి.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మిషను బడి పంతులుగారి కొడుకు. మీతోపాటు వైజాగులో చదువుకుని, కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా చేసి, తొంభైల మొదట్లో నర్సీపట్నంలో ఆసుపత్రి పెట్టారు. ఆసుపత్రి అంటే వీధివైపు రెండు గదులు, వాకిట్లో రేకుల కింద నాలుగు బల్లలు. కోటవురట్ల రైతులు సైకిళ్ళ మీద వచ్చేవారు. కొయ్యూరు పైనుంచి కొండ జనం మొదటి బస్సుకి దిగేవారు.

పెట్టిన కొత్తల్లోనే ఒకతను భార్యని భుజాన వేసుకుని వచ్చాడు. చలిజ్వరం తలకెక్కి ఆమె మాట తడబడుతోంది. ఇక్కడ లాభం లేదు, పెద్దాసుపత్రిలో అయితే బతుకుతుంది అనుకున్నారు మావయ్య. కాగితం రాసి చేతికిచ్చి, "వైజాగు రాసేశాను, బేగెళ్ళండి" అన్నారు. అతను దణ్ణం పెట్టి కాగితం మడిచి మొలలో దోపుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు, నెత్తి మీద పనసకాయతో. భార్య ఎలా ఉందని అడిగారు మావయ్య.

"పోయింది బాబూ. తవరు దాపరికం లేకండా రాసీసేరు. మరొకలైతే ఆశ పెట్టీసి తిప్పుదురు. ఇంటికి పట్టుకెళ్ళిపోనాం. పిల్లలందర్నీ సూసుకునే పోయింది."

కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాడు ఆ మనిషి.

భూమి ఎవరికైనా రాసేశారంటే ఇంక అది మనది కాదు. మనిషిని రాసేశారన్నా వాళ్ళకి అదే అర్థం. డాక్టరు చేతులెత్తేశాడు, ఇంక ఇంటికి తీసుకుపోయి దగ్గర కూర్చోవడమే. మీరు ‘రిఫర్’ అనుకునేదాన్ని వాళ్ళు చావుకబురుగా వింటున్నారు. మా అమ్మ మెట్ల మీద విన్నదీ అదే. ఆ పనసకాయ మా మావయ్య పెరట్లోనే ముగ్గింది. ఇల్లంతా వాసన. ఆయన ముట్టలేదు. చివరికి అత్తయ్య ఎవరికో ఇచ్చేసింది.

అప్పటినుంచి మావయ్య నోట ఆ మాట లేదు. ఎవర్ని పంపాల్సి వచ్చినా, "వైజాగులో నా స్నేహితుడున్నాడు, ఆడి దగ్గరికెళ్ళు" అనేవారు. అలా చెబితే వెళ్ళేవాళ్ళు. ఆసుపత్రికి పొమ్మంటే భయపడే మనిషి, స్నేహితుడి దగ్గరికి అంటే చుట్టాలింటికి వెళ్ళినట్టు మూట కట్టుకుని బయల్దేరేవాడు. అయితే మావయ్యకి అబద్ధం పడదు. స్నేహితుడు అన్నాక అక్కడ నిజంగా స్నేహితుడు ఉండాలి. గుండెకి ఒకరు, కాన్పులకి ఒకరు, ఎముకలకి ఒకరు. మీ సమావేశాలకి ఆయన ఏటా ఎందుకు వచ్చేవారో ఇప్పుడైనా తెలిసిందా మీకు?

వట్టి పేరు చాలదు, మనిషి గుర్తుండాలి అనేవారు. అందుకని పేషెంటుకి స్నేహితుడి కథ కూడా చెప్పి పంపేవారు. ఒకాయన పొట్టి, నవ్వితే భుజాలు ఊగుతాయి. ఒకావిడ కోపంగా కనిపిస్తుంది గానీ మంచిది. ఇప్పుడు పెద్ద సర్జనైన ఒకాయన హాస్టల్లో మావయ్య గదిలోనే ఉండేవాడు, వైవా రోజున ఈయన చొక్కా వేసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు. "ఆ సొక్కా అడిగేనని చెప్పు, నవ్వుతాడు" అన్నారు ఒక ముసలాయనతో.

ఆ ముసలాయన చెప్పమన్నది చెప్పాడు. ఓపీ కిటకిటలాడుతుంటే, చుట్టూ పీజీలు నిలబడి ఉంటే, ముందుకెళ్ళి, "నర్సీపట్నం డాక్టరు బాబు సొక్కా ఇచ్చీమన్నారు" అన్నాడట. సర్జను గారు పీజీల ముందు నవ్వలేక లేచి, ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తానే వార్డుకి తీసుకెళ్ళారట. తర్వాతి సమావేశంలో మావయ్యని దొరకబుచ్చుకుని, నీ పేషెంట్లు నన్ను దొంగని చేస్తున్నార్రా, కొత్త చొక్కా కొనిస్తాను, ఇంక వదిలెయ్ అన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. "ఇచ్చేస్తే మావాళ్ళు ఏటి చెప్పుకుని వస్తార్రా?"

ఇవన్నీ విని నేను మెత్తబడ్డానని అనుకోకండి. నేను అప్పటికి డిగ్రీలో ఉన్నాను. సభల దగ్గర పంచే కరపత్రాలన్నీ ఏరుకొచ్చి చదివి, ఆరోగ్యం ప్రజల హక్కు అని గోడల మీద రాసే బాపతు. ఇప్పటికీ ఆ బాపతే. ఏడాదికోసారి ఆయన సఫారీ ఇస్త్రీ చేయించుకుని, అత్తయ్య నవ్వుతుంటే జుట్టుకి రంగు వేసుకుని బయల్దేరుతుంటే నాకు ఒళ్ళు మండేది. మందుల కంపెనీలు పెట్టే పెళ్ళిభోజనానికి వెళ్తున్నారు అని మొహం మీదే అనేవాణ్ణి.

"పెళ్ళిభోజనమే రా. సంబంధాలు కుదిరేది అక్కడే కదా."

ఆయన పద్ధతి వేరు. సీఎంఈ తరగతిలో, అదే డాక్టర్లకి కొత్త వైద్యం చెప్పే పాఠంలో, ముందు వరసలో కూర్చునేవారు. మీలో చాలామంది వరండాలో కార్డులు ఇచ్చిపుచ్చుకుంటుంటే, ఈయన కొత్త మందుల గురించి కుర్రాడిలా సందేహాలు అడిగేవారు. నిద్రపోయేవాడి పక్కన కూర్చోవాలి, సార్ చూడకముందు లేపితే జన్మలో మరిచిపోడు అనేవారు. ఇంటికొచ్చాక కంపెనీ సంచీ అత్తయ్యకి ఇచ్చేసి, టీ తాగుతూ ఆ ఏటి రాబడి చెప్పేవారు. చెవులకి దొరికారు, చర్మానికి దొరికారు. "కళ్ళకే ఎవరూ లేరురా. వచ్చే ఏడు ఒకణ్ణి పట్టాలి." ఆడపిల్లకి సంబంధం వెతుకుతున్నట్టే ఉండేది.

ఒకరోజు గట్టిగా వాదన వేసుకున్నాం. వైజాగుది సర్కారు ఆసుపత్రి, జనం సొత్తు, అక్కడ మంచం దొరకడానికి మీ హాస్టలు స్నేహాలు ఎందుకు, హక్కుని మీరు మొహమాటం కింద మార్చేస్తున్నారు అన్నాను. ఆయన అంతా విన్నారు. నువ్వన్నది రైటే అన్నారు. "నీ రైటొచ్చేదాకా, బయట బల్ల మీద పడుకున్నాడే, ఆణ్ణి ఎక్కడికి పంపమంటావు?"

అయినా నా మాట వెనక్కి తీసుకోవడం లేదు. ఆయనా తీసుకోమనలేదు. నేను రాసి అచ్చువేసిన కరపత్రాల్లో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, వాకిట్లో బల్లల మీద పెట్టించేవారు. నన్ను అంత శ్రద్ధగా చదివిన మనిషి మరొకరు లేరు.

మీ బ్యాచి సిల్వర్ జూబ్లీ నర్సీపట్నంలో పెట్టాలని ఆయన పట్టుబట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బీచి పక్కన హోటలు వదులుకుని ఈ ఎండలోకి ఎందుకని గొణిగారు కొందరు. పొద్దున సీఎంఈ, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం కొండమీదకి పిక్నిక్ అంటే ఒప్పుకున్నారు. కల్యాణ మండపం మాట్లాడింది, బొంగు చికెన్‌కి మనిషిని పురమాయించింది నేనే, పళ్ళు నూరుకుంటూ. మావయ్యకి కావాల్సింది భోజనానికి ముందు అరగంట. స్లైడ్లు తయారు చేసుకున్నారు. అద్దం ముందు నిలబడి మాట్లాడుకోవడం కూడా చూశాను.

షుగరు మీద మాట్లాడిన పెద్దాయన తన టైము దాటారు. ఆ వెనక కంపెనీ మనిషి తన మాత్ర గురించి చెబుతూనే ఉన్నాడు. కరెంటు పోయింది. జనరేటరు అందుకునేసరికి వెనకనుంచి ప్లేట్ల చప్పుడు. "నీది అయిదు నిమిషాల్లో కానిచ్చెయ్ గురూ" అన్నారు స్టేజి మీదనుంచి. నేను లేచి గొడవ పెట్టుకోబోతే మావయ్య కళ్ళతోనే కూర్చోమన్నారు. స్లైడ్లు వదిలేసి, పనసకాయ తెచ్చిన మనిషి కథ ఒక్కటే చెప్పారు. తర్వాత అన్నారు, "నాకు మీ పేరు చెప్పుకునే పర్మిషను కావాలి. అంతే. ఇప్పుడు చేతులెత్తక్కర్లేదు. తిన్నాక చెప్పండి."

అందరూ భోజనాలకి లేచారు.

తిన్నాక ఏం జరిగిందో కూడా రాస్తాను. కొందరు వచ్చి చేతులు పట్టుకున్నారు, వాళ్ళకి నా దణ్ణాలు. కొందరు కార్డులిచ్చారు, వాటి మీద ఉన్నది రిసెప్షన్ నంబరు. ఒకావిడ, పంపు గానీ నా పేరు చెప్పకు అన్నారు. ఒకాయన చెయ్యి కడుక్కుంటూ, "చూద్దాం" అన్నారు. అది కూడా ఖాతాలో వేసుకుని మావయ్య సంబరంగా వస్తుంటే నాకు తిక్క రేగింది. చూద్దాం అంటే లేదనే కదా అన్నాను.

"డాక్టరు చూద్దాం అన్నాడంటే చూస్తాననే రా. మా పనే చూడ్డం."

అంత తేలిగ్గా కాలేదు. ఆ తర్వాత కోటవురట్ల నుంచి ఒక కుటుంబాన్ని ఒక పేరు చెప్పి పంపారు. వాళ్ళు మర్నాడే తిరిగొచ్చారు. సారుకి నర్సీపట్నంలో స్నేహితులెవరూ లేరని ముందు గదిలో అమ్మాయి చెప్పిందట. ఆ ఇంటి పెద్ద ఈ సంగతి చెప్పలేక చెప్పలేక, ఎదురు మావయ్యనే ఓదార్చాడు. "ఆరికి పనుల్లో గుర్తు రాలేదేమో బాబూ. మీరేటీ అనుకోకండి." మావయ్య నవ్వి, మరో పేరు చెప్పి పంపారు. వాళ్ళు వెళ్ళాక అద్దాలు తుడుచుకుంటూ, నేనే పేరు సరిగ్గా చెప్పి ఉండను అన్నారు. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. అది ఆయన మీదో, మీ మీదో, మనిషిని పేరు చూసి చేర్చుకునే ఈ ఏర్పాటు మీదో విడదీసి చెప్పలేను.

సమాధుల తోటకి మీరు చాలామంది వచ్చారు. రోడ్డు పొడవునా మీ కార్లే. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒకరు ఆయన్ని సెయింటు అన్నారు. సెయింటు కాదండీ. సెయింటు అనేస్తే మిగిలినవాళ్ళం ఊరుకోవచ్చు కదా, అందుకు అంటారు. ఆయన పేరున ఏటా ఒక స్మారకోపన్యాసం పెడదామని అక్కడే అనుకున్నారు. పెట్టుకోండి. ప్లేట్ల చప్పుడు మొదలవకముందు పెట్టండి.

మట్టి చేసిన తర్వాతి వారం మా ఊరి ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళాను. ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్కన అరుగు మీద ఎదిగొచ్చిన కొడుకు, దుప్పటి కప్పుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. పెద్దాయన చేతిలో మడిచిన కాగితం. ఎక్కడికని అడిగాను.

"ఇంటికెళ్ళిపోతన్నాం బాబూ. వైజాగు రాసీసేరు."

కొయ్యూరు బస్సు ఇంజను ఆన్ చేసే ఉంది. నేను చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. హక్కు, ప్రభుత్వం, బాధ్యత. వాటిలో ఒక్క మాటా ఆయన్ని అటు బస్సు నుంచి ఇటు బస్సుకి తిప్పేలా కనబడలేదు.

"వైజాగులో మా మావయ్య స్నేహితుడున్నాడు" అన్నాను.

ఆయన అప్పుడు నా మొహంలోకి చూశాడు. "డాక్టరు బాబు స్నేహితుడా?"

అవునన్నాను. పేరు చెప్పాను. మీలో ఒకరి పేరు. ఎవరిదో ఇక్కడ రాయను. మిమ్మల్ని అడగలేదు, అడిగే టైము లేదు.

ఇద్దరం కలిసి కుర్రాణ్ణి వైజాగు బస్సెక్కించాం. బస్సు కదిలింది. కిటికీ పక్కన ఆ పెద్దాయన కొడుకు తల తన భుజానికి ఆనించుకుని ఎదురుగా చూస్తున్నాడు. నా వైపు చూడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను ముందు. మరిచిపోకుండా పేరు వల్లించుకుంటున్నాడు. బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి.