బావ లేత్‌కు అంకెల పెట్టె

మా బావ కళ్ళజోడు పెట్టుకోడు. నేను కళ్ళజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. మా ఇద్దరి మధ్య ఉన్న తగువంతా ఇదే.

బావ అంటే మా అక్క భర్త. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాడు. ఎలా చదివేవాడో ఆయన నోటే వినాలి. మిగతావాళ్లు టార్చిలైటు పట్టుకుని, స్టూలెక్కి, దుమ్ము తుడిచి చదివితే, తను గేటు దగ్గర నిలబడే అంకెలు గడగడా చెప్పేసేవాడట. ఒక ఇంట్లో కుక్క ఉందని గేటు కూడా తియ్యలేదట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ కుక్క కాస్త పెరుగుతూ వచ్చింది. గేటుకూ మీటరుకూ మధ్య దూరం మాత్రం అంతకంటే ఎక్కువ పెరిగింది.

అలాంటి మనిషికి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్లంటే అలుసు ఉండదా మరి! అక్క పెళ్లినాటికి నేను బడికెళ్లే పిల్లని, అప్పటికే సోడాబుడ్డి అద్దాలు. పెళ్లిరోజే నన్ను ఎగాదిగా చూసి, “ఈ నాలుగు కళ్ల పిల్ల మీ చెల్లెలా?” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. ఆనాటి నుంచి ఆయన నన్ను అసలు పేరుతో పిలిచింది లేదు. నీ ముక్కు మీదకీ ఎప్పటికైనా కళ్ళజోడు ఎక్కకపోదు, అప్పుడు చెప్తా నీ పని అని ఆ రోజే అనుకున్నాను. నా జుట్టు నెరిసింది గానీ ఆ మాట మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

బావకు సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న వ్యసనమల్లా లేత్ మిషన్. పెళ్లికి ముందే ఎక్కడో బళ్లో వర్క్‌షాప్ ఎత్తేస్తుంటే తెచ్చుకున్నాడు. కుట్టుమిషన్ కన్నా కాస్త పెద్దది, అంతే. కడ్డీని ఒక చివర బిగిస్తే గిర్రున తిరుగుతుంది, పక్కనుంచి పదునైన టూల్ వచ్చి దాన్ని చెక్కుతుంది. దాన్ని వెనక వరండాలో, బట్టలుతికే చోటుకు పక్కనే పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఏ కుళాయి పిడి ఊడినా, ఏ తలుపు గుబ్బ విరిగినా ఆ ఇంటివాళ్ల కంటే ముందు ఆయనకే సంబరం. ఇంట్లో ఒక చెంచా కనిపించకపోతే అక్క అనుమానం మొదట లేత్ మీదకే పోయేది.

వరండా గోడకు ఇవతల ముందు గదిలో అక్క కుట్టుమిషన్. చుట్టుపక్కలవాళ్ల బట్టలు కుడుతుంది. రోజూ పొద్దున్నే బావ వరండాలోకి దూరబోతుంటే, “ఏవండీ, దారం” అని పిలిచేది. ఆయన విసుక్కుంటూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. దారం కొసను పెదాలతో తడిపి, ఒక కన్ను మూసి, ఒక్క దెబ్బకు సూదిలోకి ఎక్కించేవాడు. “ఇంత పెద్ద బెజ్జం కనబడదా నీకు? ఇందులోంచి నేను నడిచెళ్లగలను” అని గొప్పలు పోయేవాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఈమధ్య మాత్రం అక్క మిషన్ ముందు కూర్చోకముందే పిల్లిలా వరండాలోకి జారుకోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే చేతులకు గ్రీజు ఉందనేవాడు. పొద్దున్నే గ్రీజెక్కడిదని అడిగితే కోపం.

కిందటేడాది అక్క కుట్టుమిషన్ లొటలొటలాడటం మొదలుపెట్టింది. చక్రం తిప్పే ఇరుసు చుట్టూ బుష్ అని చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది, అది అరిగిపోయింది. ఆ మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది కాబట్టి బజార్లో దొరకదు. “నేనుండగా బజారెందుకు?” అని బావ మీసం మెలేశాడు. ఒక బుష్ చేశాడు, వదులైంది. ఇంకోటి చేశాడు, అదీ వదులే. మొదటిసారి ఇత్తడి మంచిది కాదన్నాడు, రెండోసారి వోల్టేజీ సరిగా లేదన్నాడు. అక్క ఆ రెండోదాన్నే పెట్టించుకుని, “బానే ఉందిలెండి” అంటూ కుడుతూ వచ్చింది. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. కుట్లు వంకర పోతుంటే విప్పి మళ్లీ కుట్టేది తప్ప పల్లెత్తు మాట అనలేదు.

నాకు మాత్రం నోరూరుకోదుగా. లేత్‌లో టూల్‌ను ముందుకు జరిపే హ్యాండిల్ చుట్టూ ఒక డయల్ ఉంటుంది, దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు. ఎన్ని గీతలు తిప్పితే కడ్డీ మందం అంత తగ్గుతుంది. బావ ఆ గీతల మీదకు వంగడం, తల వెనక్కి లాక్కోవడం, మళ్లీ వంగడం నేను చూశాను. మా దుకాణానికి వచ్చేవాళ్లంతా చేసే పని అదే.

“గీతలు కనిపిస్తున్నాయా బావా?”

“నాలుగు కళ్లున్న నీకే కనిపిస్తే, రెండు కళ్లున్న నాకు కనిపించవా?”

ఇలాంటి మనిషితో ఎవరు వేగుతారు! పోనీలే, గుడ్డి లెక్కలతో చెక్కుకో అని ఊరుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు వీధి మలుపులో వెల్డింగ్ షాపాయన నల్ల అద్దాలు మార్పించుకోవడానికి మా దుకాణానికి వచ్చాడు. మాటల్లో మాటగా, “మీ బావగారు లేత్ నన్ను తీసుకుపొమ్మన్నారమ్మా” అన్నాడు. నేను చేస్తున్న పని ఆపేశాను.

“ఏదో అంకెలు చూపించే సామాను తెప్పిస్తున్నారంట. అది పెట్టాక కూడా బుష్ కుదరకపోతే ఇంక తన వల్ల కాదన్నారు. వచ్చి పట్టుకుపో అన్నారు. మీ అక్కగారికి చెప్పొద్దన్నారు. మీకు చెప్పొద్దని మాత్రం అనలేదు.”

అప్పుడు నాకు నవ్వు రాలేదు. లేత్ లేని బావను ఊహించుకోబోయాను. వరండాలో ఖాళీ బల్ల, ముందు గది కుర్చీలో ఏం చెయ్యాలో తోచక కూర్చున్న మనిషి. ఆ మనిషి నన్ను ఇంకో ముప్పై ఏళ్లు నాలుగు కళ్ల పిల్ల అన్నా ఫర్వాలేదు, లేత్ మాత్రం ఆ ఇల్లు దాటకూడదనిపించింది.

ఆ సామాను రానే వచ్చింది. పొడుగాటి ఉక్కు స్కేలు, దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న దిమ్మ, దాన్నుంచి ఒక వైరు, ఆ వైరు చివర ఎర్రటి అంకెలు వెలిగే పెట్టె. టూల్ ఎంత జరిగితే అంత ఆ పెట్టెలో పడుతుంది. ఇక గీతలు వెతుక్కోనక్కర్లేదు. అక్క దానికి అంకెల పెట్టె అని పేరు పెట్టింది.

“నీవి గద్ద కళ్లు కదా బావా, ఇదెందుకు?” అన్నాను.

“కాలంతో పాటు మారాలి. పాతకాలం మనుషులకు అర్థం కాదులే.” ఆయన నా కన్నా పుష్కరం పెద్ద.

దాన్ని బిగించడం ఒక పెద్ద ప్రహసనం. స్కేలును లేత్‌కు ఒక పక్కన పెట్టి, కొలిచి, రంధ్రాలు వేసి, వాటిలో మర కోసి, స్క్రూలు బిగించి, చేతులు దులుపుకున్నాడు. దిమ్మ వైరు సహా సరిగ్గా కూర్చుంది. మమ్మల్నందర్నీ పిలిచి చూపించాడు కూడా. అప్పుడు తేలింది, టూల్ కదలకుండా బిగించే స్క్రూ ఆ స్కేలు వెనక్కి వెళ్లిపోయిందని. దాన్ని బిగించాలంటే స్కేలు ఊడదియ్యాలి. స్కేలు ఊడదీస్తే అంకెలు ఉండవు. “ఇంజినీరింగ్‌లో ఇలాంటివి సహజం” అన్నాడు బావ, ఎవరి మొహమూ చూడకుండా. మళ్లీ అంతా విప్పి స్కేలును రెండు వేళ్లు పైకి జరిపాడు. పాత రంధ్రాలు ఇప్పటికీ మమ్మల్ని వెక్కిరిస్తుంటాయి. ఇత్తడి తురుము దిమ్మలో పడకుండా బిస్కెట్ల డబ్బా మూత కత్తిరించి పైన కప్పు వేశాడు. ఆ మూత మీద పాపాయి బొమ్మ ఉంది. ఇప్పుడు లేత్ వెనక నుంచి అందరినీ చూసి నవ్వుతూ ఉంటుంది.

ఆదివారం మా దుకాణానికి సెలవు. దగ్గర చూపుకు పెట్టుకునే రెడీమేడ్ కళ్ళజోడు ఒకటి చేతిసంచిలో పడేసుకుని వెళ్లాను. బావ పొద్దున్నే పాత బుష్ ఊడదీసి, కుట్టుమిషన్‌ను విప్పి ఉంచాడు. ఇంట్లో మిగిలిన ఇత్తడి కడ్డీ రెండు బుష్‌లకు సరిపడా మాత్రమే ఉంది. కావలసిన మందం కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువుంది, అంతే తీసెయ్యాలి. లేత్ ఆన్ చేశాడు. టూల్‌ను కడ్డీకి తాకీ తాకకుండా ఆనించి పెట్టెలో సున్నా పెట్టాడు. చిక్కుడు గింజలంత అంకెలు. మెల్లిగా హ్యాండిల్ తిప్పాడు. పెట్టెలో సరిగ్గా ఒకటి పడగానే ఆపాడు. బంగారు రంగు తురుము సుడులు తిరుగుతూ రాలింది. మధ్యలో రంధ్రం వేసి, ముక్క తెగ్గొట్టి, గర్వంగా ముందు గదిలోకి పట్టుకెళ్లాడు.

మిషన్‌కున్న రంధ్రంలో బుష్ పెట్టి వేలు తీశాడు. అది జారి, అవతలి వైపు నుంచి నేలమీద టంగుమని పడింది. అంతకు ముందు చేసినవి వదులయ్యాయి గానీ, ఇలా జారిపడలేదు.

బావ బుష్ తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను. గుడ్డ తీసుకుని లేత్‌ను తుడుస్తున్నాడు, మూలమూలలా, చాలా శ్రద్ధగా. ఆ తుడవడం ఎవరికి ఇవ్వడానికో నాకు తెలుసు.

“నా చెయ్యి పోయింది” అన్నాడు. బావ అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఏం చెయ్యాలో తెలియక పెట్టె వైపు చూశాను. పెద్ద అంకెల పైన, తెర మూలలో చీమంత అక్షరం ఒకటి వెలుగుతోంది.

“బావా, ఈ మూల అక్షరం ఏంటి?”

“ఏ అక్షరం?”

“ఇదిగో.”

వంగాడు. తల వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ వంగాడు. “అక్కడేం లేదు” అన్నాడు.

దొరికిపోయాడు. ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్లూ నేను ఎదురు చూసిన ఘడియ అదే. కానీ చేతిలో ఆ తుడుపు గుడ్డతో నిలబడ్డ మనిషిని చూస్తే, అనాలనుకున్న మాట అనబుద్ధి కాలేదు.

“మా దుకాణంలో రెండు కళ్ల మధ్య దూరం కొలుస్తాం” అన్నాను. “అద్దం కోసేటప్పుడు ముక్కు మధ్య నుంచి సగం ఇటూ సగం అటూ వేస్తాం. సగానికి బదులు మొత్తం వేశామంటే గోవిందా. నీ పెట్టె చూపించేది సగమా, మొత్తమా? టూల్ జరిగింది చూపిస్తోందా, కడ్డీ తగ్గింది చూపిస్తోందా?”

బావ నోరు తెరిచాడు. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. గిర్రున తిరిగే కడ్డీని ఒక పక్క ఎంత చెక్కితే రెండో పక్కా అంతే పోతుంది. టూల్ ఒక మిల్లీమీటరు జరిగితే మందం రెండు తగ్గుతుంది. పాత డయల్ మీద గీతలు గీసినవాడు ఆ లెక్క ముందే కలిపేశాడు కాబట్టి, ఇన్నేళ్లుగా బావకు దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు. కొత్త పెట్టెలో దానికో బటన్ ఉంది. నొక్కితే మూలనున్న అక్షరం మారుతుంది, మొత్తం మందం లెక్క చూపిస్తుంది. ఆ చీమంత అక్షరం కనబడితే కదా!

“చెయ్యి పోలేదు బావా” అన్నాను.

“మరి పోయిందేంటి?”

సంచిలోంచి కళ్ళజోడు తీసి ఇచ్చాను. దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, పెట్టుకోకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు. “బటన్ నువ్వు నొక్కు. అంకెలు నాకు కనిపిస్తాయి” అన్నాడు.

బటన్ నొక్కి, ఆయన్ని మిగిలిన ముక్కతో వదిలేసి ముందు గదిలోకి వచ్చాను. ఊరికే కూర్చోలేక అక్క ఒక లంగా అంచు చేత్తో కుడుతోంది. దారం అయిపోయింది. నాతో వంటింటి కుళాయి సంగతేదో చెబుతూనే కొత్త దారం తెంచి, సూది వైపు చూడను కూడా చూడకుండా, చటుక్కున ఎక్కించేసింది.

“అక్కా, నీకు వచ్చా?”

“ఏంటే?”

“సూదిలో దారం ఎక్కించడం!”

“రాకపోవడమేంటే, బట్టలు కుట్టేదాన్ని.”

“మరి ఇన్నేళ్లూ రోజూ బావని...”

అక్క వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆయన పొద్దున్నే ఆ వరండాలో దూరితే మళ్లీ తిండికో డ్యూటీకో తప్ప బయటికి రారు. దారం వంకతోనైనా రెండు నిమిషాలు నా పక్కన కూర్చుంటారని.” సూది గుడ్డలో గుచ్చింది. “ఈమధ్య అదీ లేదు. కనబడటం లేదని నాకు తెలుసు. అడిగితే చిన్నబోతారని అడగలేదు.”

నేను కళ్ళజోళ్లు అమ్ముతాను. కానీ ఆ ఇంట్లో అన్నీ సరిగ్గా చూసింది మా అక్క ఒక్కతే.

కాసేపటికి బావ వచ్చాడు. ఈసారి బుష్ రంధ్రంలో సగం దాకా వెళ్లి ఆగింది. చెక్క సుత్తితో మెల్లగా తడితే, తనకోసమే కాచుకున్న చోటులోకి వెళ్లి కూర్చుంది. ఇరుసు బిగించి చక్రం తిప్పాడు. చప్పుడే లేదు. మా అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. బావ మీసం మెలెయ్యడం కూడా మర్చిపోయాడు. “ఆ వెల్డింగాయనకు ఏదో చెప్పాను, కాదని చెప్పిరావాలి” అని గొణిగాడు.

అక్క మిషన్ ముందు కూర్చుంది. కండెలోంచి దారం లాగి, కొస పట్టుకుని, “ఏవండీ, దారం” అంది.

బావ తలుపు వైపు చూశాడు. చేతుల వైపు చూసుకున్నాడు. గ్రీజు ఈసారి నిజంగానే ఉంది. అయినా చొక్కాకు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. దారం కొస తడిపాడు. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి బెజ్జంలోంచి అవతలికి వచ్చింది. అక్క ఆయన మొహాన్నే చూస్తోంది, సూదిని కాదు.

బావ నా వైపు తిరిగాడు. ముక్కు మీద అద్దాలు, వాటి వెనక పెద్దవైన కళ్లు. “ఊఁ, అనెయ్. ఎన్నేళ్లుగానో దాచుకున్నావుగా” అన్నాడు.

మాట నాలుక చివరే ఉంది.

“ఏమనాలి బావా? దారం కొస మరీ పొట్టిగా వదిలావు, ఊడిపోతుంది. తీసి మళ్లీ ఎక్కించు” అన్నాను.

నా మాట పూర్తికాకముందే అక్క ఎక్కిన దారాన్ని సూదిలోంచి లాగేసి, కాస్త జరిగి, ఆయనకు చోటిచ్చింది.