బావ తీసిపెట్టిన కళ్ళద్దాలు

ఈ వారం నూలుమిల్లువాళ్ళు మా తోటపనివాళ్ళకు కొత్త మాస్కులు ఇచ్చారు. ముఖం మొత్తాన్ని కప్పే ఇనుప జల్లెడ, తలకు బిగించుకునే పట్టీ. గడ్డి కోసే మిషను పట్టుకున్నంతసేపూ తీయకూడదు. అందరికంటే ముందు నేనే పెట్టుకొని గేటు దాకా నడిచాను. ఏడేళ్ళుగా నన్ను చూడగానే మొరిగే వాచ్‌మన్ కుక్క మొదటిసారి తోక ఊపింది. దేవుడిచ్చిన మొహం కంటే జల్లెడే నయమని అది తేల్చేసింది. నేనూ రోజూ అద్దం చూసుకునేవాణ్ణే కాబట్టి దానితో వాదన పెట్టుకోలేదు.

జట్టంతా పగలబడి నవ్వింది. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నప్పటి నుంచీ నేను చేతులతో సగం, నోటితో సగం బతుకుతున్నవాణ్ణి. నవ్వించకపోతే ఆ రోజు కూలి జీర్ణం కాదు. నా తరువాత సేత్తూరు నుంచి బస్సులో వచ్చే ఒకామె మాస్కు పెట్టుకుంది. పక్కనున్నవాడు ఆమెను ఏదో అనబోయాడు. నేను వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "ఏమన్నా, నిన్ను చూసి నవ్వితే శరి, ఆయమ్మను చూసి నవ్వితే తప్పా?" అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే మా బావ దగ్గర మొదలుపెట్టాలి.

మా అక్క మొగుడు నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఈ మిల్లు తోటలోకి నన్ను తెచ్చింది ఆయనే. మాట తక్కువ మనిషి. గులాబీకి అంటు కట్టి, దారాన్ని పళ్ళతో తెంపి "ఊఁ" అనేవాడు. అంటే ఆ అంటు బతుకుతుందని అర్థం. అనకపోతే అది ఎండిపోయేది. తలకు నూనె రాసి, పాపిడి తీసి, చొక్కా పైగుండీ దాకా పెట్టుకొని పేడబుట్ట ఎత్తే తోటమాలిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. అక్క మొగుణ్ణి ఆటపట్టించడం మా ఇళ్ళలో బావమరిదికి పుట్టుకతో వచ్చే హక్కు. చేయకపోతేనే వీడు మనసులో ఏదో పెట్టుకున్నాడనుకుంటారు. ఆయన పెళ్ళి విందులో వడ మధ్యన మూడు పచ్చిమిరపకాయలు కూరి ఆయన ఆకులో పెట్టించాను. నమిలాడు, మింగాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా "ఇంకొకటి వెయ్యమనురా" అన్నాడు. ఈ మనిషిని గెలవలేనని ఆ రోజే తెలిసింది. తెలిసినకొద్దీ గెలవాలనే ఆశ పెరిగింది.

పదకొండేళ్ళ కిందట, అంతవరకూ కొడవళ్ళతో కోసే గడ్డికి మిల్లు పెట్రోలు మిషను కొంది. భుజానికి తగిలించుకోవాలి, పొడుగాటి గొట్టం చివర బ్లేడు గిర్రున తిరుగుతుంది. దానితోపాటు ఒక జత కళ్ళద్దాలూ వచ్చాయి: వెడల్పుగా, అంచుకు రబ్బరు, వెనక సాగే పట్టీ. సూపర్వైజరు వాటిని పెద్దవాడని బావకు ఇచ్చాడు. బావ పాపిడి చెదరకుండా పట్టీని జాగ్రత్తగా సర్దుకొని, అవి తీయకుండానే టీ వేళకు మా మధ్యకు వచ్చాడు. నేను గ్లాసు పట్టుకొని లేచాను.

"తప్పుకోండప్పా, తప్పుకోండి! కంటి క్యాంపు నుంచి తాతను తీసుకొస్తాండారు! తాతా, ఇవి ఎన్ని వేళ్ళు?" అని మూడు వేళ్ళు చూపించాను.

ఊడ్చే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లారీ నుంచి దూదిబేళ్ళు దించేవాళ్ళు కూర్చుండిపోయి నవ్వారు. బావ మాత్రం నా చేతి వంక తీరిగ్గా చూశాడు.

"మూడు. టీ ఆరిపోతాది, తాగురా" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఎటు పోయినా ఎవరో ఒకరు వేళ్ళు చూపించేవాళ్ళు. గేటు దగ్గర రెండు, క్యాంటీన్లో అయిదు. ఆయన అద్దాలు తీయలేదు. వారం దాటింది. నాకది ఓటమిలా అనిపించేది. ఆ తరువాత ఒకరోజు చూస్తే అవి పంపుసెట్టు గదిలో మేకుకు వేలాడుతున్నాయి. బావ వట్టి కళ్ళతో మిషను పట్టుకున్నాడు. ఎట్టకేలకు గెలిచానని నాలో నేను ఈల వేసుకున్నాను. నిజంగానే వేశాను.

దీపావళి వానలకు దూది గోడౌను వెనక గడ్డి నడుము దాకా పెరిగింది. ఎండితే నిప్పు భయం, అందుకని పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి. దూది బేళ్ళు ఇనుపకంబితో బిగించి వస్తాయి. విప్పేటప్పుడు కత్తిరించిన ముక్కలను గోడౌనువాళ్ళు ఏళ్ళ తరబడి కిటికీలోంచి వెనక్కు విసిరేవాళ్ళు. అది అందరికీ తెలుసు. కోయబోయే ముందు ఒకసారి నడిచి ఏరాలి. నడుము దాకా తడిగడ్డి, అందులో పాములు. ఎవరూ నడవలేదు. నడవమని ఎవరూ అడగలేదు కూడా. తడిగడ్డి చుట్టుకుంటోందని బ్లేడు దగ్గరి అడ్డరేకును కూడా విప్పేశాం. స్పానరు అందించింది నేనే.

నేను వెనక గడ్డి పోగుచేస్తున్నాను. టంగుమని చిన్న శబ్దం వచ్చింది. బావ ఎడమచెయ్యి ముఖం మీదికి పోయింది. మిషను ఆగలేదు, భుజానికి వేలాడుతూ ఆయన కాళ్ళ దగ్గరే గుండ్రంగా తిరుగుతోంది. కంట్లో గడ్డి పడిందేమో అనుకొని నవ్వుతూనే పరుగెత్తాను, ఒక ఎగతాళి మాట కూడా అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. స్విచ్చు ఆపి ఆయన చెయ్యి తీయబోతే తీయనివ్వలేదు. "కండ్లో ఏమో దిగినాదిరా" అన్నాడు, ఎవరికో సంగతి చెబుతున్నట్టు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కంటే నీళ్ళే ఎక్కువగా కారుతున్నాయి.

మిల్లు వ్యానులో మదురైకి తీసుకుపోయాం. శ్రీవిల్లిపుత్తూరు దాటేదాకా ఆయన కంటి మీది నుంచి చెయ్యి తీయలేదు. కంబిముక్కను ఆపరేషన్ చేసి తీశారు. అక్క సత్రపట్టిలో ఆస్పత్రులకు పోయే కట్టుగుడ్డ నేసే మగ్గాల దగ్గర పనిచేసేది. జుట్టులో దూదిపోగులతో అట్లాగే బస్సెక్కి వచ్చింది. ఏడవలేదు. ఆయన ఎడమకంటి మీది కట్టు అంచును రెండు వేళ్ళతో తాకి, మడత సరిగ్గా ఉందో లేదో చూసింది. అది చేతి అలవాటు.

కట్టు విప్పిన రోజు డాక్టరు మంచి కంటిని మూసి, గాయపడ్డ కంటి ముందు చెయ్యి ఎత్తాడు. "ఇవి ఎన్ని వేళ్ళు?" అని తమిళంలో అడిగాడు. బావ చాలాసేపు చూశాడు, లేదా చూస్తున్నట్టు ఉన్నాడు. "తెలియలే" అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడి నుంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది, రెండు వేళ్ళు.

సూపర్వైజరు ఆపిల్ పళ్ళు పట్టుకొని ఆస్పత్రికి వచ్చాడు. "కండ్లకు కన్నాడి ఇచ్చినామే, ఎందుకప్పా పెట్టుకోలే?" అని అడిగాడు. బావ "చెమటకు ఆవిరి పట్టినాది సార్. ముందర ఏమీ కనపడలే" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక, నోరు మూసుకోమని ఎవరూ చెప్పకుండా మూసుకోవడం అదే మొదటిసారి.

ఆయన మూడు నెలలకు పనిలోకి వచ్చాడు. మిషను నా భుజానికి వచ్చింది, మేకు మీది కళ్ళద్దాలు నా తలకు వచ్చాయి. ఎవరూ వేళ్ళు చూపించలేదు. బావకు గేటు పక్క పూలకుండీలకు నీళ్ళు పోసే పని ఇచ్చారు. మొదట్లో నీళ్ళు కుండీ పక్కన పడేవి. ఆయన అది చూసుకొని, ఎవరైనా గమనించారేమోనని చుట్టూ చూసేవాడు. అంటు కట్టడం మానేశాడు. దారం ఎక్కడుందో బ్లేడు ఎక్కడుందో ఒంటికంటికి దూరం తెలియదట. ఆ "ఊఁ" మళ్ళీ వినలేదు.

మాస్కులు ఇచ్చిన సాయంత్రం అక్క ఇంటికి పోయాను. బావ క్షవరానికి పోయాడు. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పదకొండేళ్ళుగా మోస్తున్నదంతా ఆమె ముందు దించేశాను: కంటి క్యాంపు, వేళ్ళు, మేకు, నేను వేసిన ఈల. బావ ఆస్పత్రిలో చెప్పింది అబద్ధమని, నన్ను కాపాడడానికే చెప్పాడని కూడా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే పోయాను. నా ఏడుపు కాస్త తగ్గేదాకా ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది.

"నీ నవ్వుకు తీసినాడని ఎవరు చెప్పినారు నీకు?" అంది. "మీరంతా నవ్వినా తీయలేదు. ఒక దినం దాన్ని ఇంటికి తెచ్చినాడు. పెట్టుకొని, ఆ వాకిలి కాడ నిలబడి, తనకు ఎట్ల ఉండాదని నన్ను అడిగినాడు. ఆయన నన్ను అట్ల అడిగే మనిషే కాదు. నేను గోడ పట్టుకొని నవ్వినాను. మరుదినం నుంచి పెట్టుకోలే."

నేను ఏదో అనబోయాను. ఆమె చిక్కుడుపీచు చేతికి చుట్టుకొని తెంపింది.

"పదకొండేండ్లుగా అన్నం పెట్టేటప్పుడు ఆయన ఎడమపక్కనే కూర్చుంటాను. ఆ పక్క నా మొగం ఆయనకు కనపడదు. నీకు ఏడవాలని ఉంటే నా కాడ కాదు, పోయి ఆయన కుడిపక్కన కూర్చొని ఏడువు."