చెంబెడు ముర్రుపాలు

మొన్న పొద్దున పద్మారావు నగర్‌లో మా ఇంటి ముందుకు వచ్చిన తోపుడు బండి మీది కొత్తిమీర కట్ట ఒకటి అలా చేతిలోకి తీసుకున్నానో లేదో, అరచేయి జివ్వుమంది. అది మంచు కాదు, బండి అతను చల్లిన నీళ్లే. అయినా ఆ చల్లదనం వేళ్ల సందుల్లోకి దిగేసరికి, డెబ్బైకి దగ్గర పడుతున్న నేను స్వెట్టరు తొడుక్కుని వీధిలో నిలబడ్డానన్న సంగతే మరిచిపోయి, బొల్లారం అవతల మా రెండెకరాల్లో కొత్తిమీర మడి పక్కన గొంతుక్కూర్చుండిపోయాను. "అమ్మా, ఇంకేం గావాలె?" అని అతను రెండుసార్లు అడిగాడట. డబ్బులిచ్చి, కట్ట మాత్రం బండి మీదే వదిలేసి ఇంట్లోకి వచ్చాను.

మా కుటుంబానికి చలికాలమంటే ఆకుకూరల కాలం. ఇంకా చుక్కలుండగానే నాయనమ్మ లేపేది, అమ్మ లాంతరు పట్టుకునేది, మేం ముగ్గురం కొత్తిమీర, మెంతికూర, పాలకూర కోసి బావి దగ్గరికి మోసేవాళ్లం. మంచుకు వేళ్లు కొంకర్లు పోయి కట్టలకు ముడి పడేది కాదు గానీ, బావిలోంచి అప్పుడే చేదిన నీళ్లు ఆ వేళకు గోరువెచ్చగా ఉండేవి, అందుకని కడగాల్సిన అవసరం లేని కట్టలను కూడా నేను మళ్లీ మళ్లీ కడుగుతుండేదాన్ని. నాన్న ఆ కట్టల గంపలను సైకిలుకు కట్టుకుని మోండా మార్కెట్లో దించి, అటునుంచి అటే తన ఉద్యోగానికి పోయేవాడు. ఆయన పోయాక కందికట్టె మంట చుట్టూ కూర్చుని, ఉడికించిన అనపకాయలు వలుచుకు తింటుంటే వీపు గడ్డకట్టేది, మోకాళ్లు కాలిపోయేవి. నా ఈడు వాళ్లకు ఇదంతా నేను వేరే చెప్పాలా?

నాయనమ్మకు పెద్దగా పూజలుండేవి కావు. పొద్దు పొడవగానే తడిచేతులతోనే సూర్యుడికి దండం పెట్టుకుని, పశువుల నోటికి మేత అందేవరకు తను మాత్రం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. జ్వరమొచ్చినా అంతే, ఉపవాసమైనా అంతే. అలాంటి మనిషికి ఒక్క విషయంలో మాత్రం మహా పట్టుదల. మా బావి మాదీ పక్క పొలం వాళ్లదీ ఉమ్మడి బావి. నీళ్ల వంతు దగ్గర ఆ ఇంటావిడతో మాటా మాటా పెరిగి, ఇద్దరూ పలకరించుకోవడం మానేసి అప్పటికి రెండు చలికాలాలు దాటాయి. ఏ చుట్టరికమూ లేకపోయినా అంతకుముందు ఒకరినొకరు వదినె అని పిలుచుకున్నవాళ్లే. నేను ఆవిడను అవ్వా అనేదాన్ని. గొడవ తర్వాత మధ్యలో మోకాలెత్తు గట్టే ఉన్నా, మా కోడి అటు పోతే నాయనమ్మ దాన్ని కేకేసి పిలిచేదే తప్ప ఆ గట్టు మీద కాలు పెట్టేది కాదు.

ఆ ఏడు మా బర్రె ఈనే రోజుల్లో అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. నాకు పన్నెండేళ్లు. పాలు పితకడం ఆ చలికాలంలోనే కొత్తగా నేర్చుకుని, కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని తిరుగుతున్నాను. అంతటితో ఊరుకోక, బర్రె ఈనగానే జున్ను తెస్తానని బడిలో మా పంతులమ్మకు మాట ఇచ్చి వచ్చాను. ఆవిడ నవ్వి తలూపింది, ఆ నవ్వుతో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఒక తెల్లవారుజామున బర్రె ఈనింది. నాయనమ్మ దూడ ఒళ్లు తుడిచి, గోనెపట్టా కప్పి, అది లేచేదాకా గడ్డితో రుద్దుతూ ఉండమనీ, లేవగానే పొదుగు దగ్గరికి చేర్చమనీ నాకు చెప్పింది. నాన్న ఒక్కడే గంపలు కట్టుకోలేడని సాయంగా తను రోడ్డుదాకా వెళ్లింది. నేను రుద్దాను. ఎంత రుద్దినా దూడ లేవలేదు, ముందరి కాళ్లు మడిచి మళ్లీ కూలబడింది. లేవలేని దూడ ఎలాగూ తాగలేదు కదా, పొదుగులో పాలు ఉత్తగా ఉండడమెందుకు అనుకున్నాను. ఎంత చక్కటి లెక్కో చూడండి! దూడ కళ్ల ముందే ఉంది కాబట్టి బర్రె ఇట్టే చేపి పాలు వదిలింది. పసుపుపచ్చగా చిక్కటి ముర్రుపాలు, ఆఖరి చుక్కదాకా పితికేశాను. బెల్లం కొట్టి, మిరియాలు దంచి వేసి, గిన్నెను ఆవిరి మీద పెట్టేశాను.

నాయనమ్మ తిరిగి వచ్చేసరికి జున్ను గట్టిపడింది, దూడ మెడ మాత్రం వాలిపోయింది. ఆమె పొదుగు తడిమింది, పొయ్యి వైపు చూసింది, నా వైపు మాత్రం చూడలేదు. దూడ నోట్లో వేలు పెట్టి, "నోరు సల్లగైంది" అని మాత్రం అంది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. బర్రె మళ్లీ చేపాలంటే సాయంత్రం కావాలి, అప్పటిదాకా దూడ ఆగదు. పక్క పొలం వాళ్ల బర్రె ముందురోజే ఈనిందని మాకు తెలుసు. నేనే చంపేశానని గుక్కపట్టి ఏడుస్తుంటే, నాయనమ్మ కాసేపు ఆ గట్టు వైపు చూస్తూ నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, ఖాళీ చెంబు ఒకటి తీసుకుని, నా చేయి పట్టుకుని గట్టు దాటింది.

వాకిట్లో అవ్వ కసువు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి నడుం ఎత్తింది, చీపురు మాత్రం వదల్లేదు. నాయనమ్మ చెంబు ముందుకు చాచింది. నేను చేసిన పని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, తప్పంతా తన ఇంటిదే అన్నట్టు నిలబడింది. "వదినె, మా దుడ్డె సచ్చేటట్టున్నది. జెర ముర్రుపాలు పొయ్యి" అంది. ఆ గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు.  అవ్వ చీపురు పక్కన పడేసి, చెంబు అందుకుని కొట్టంలోకి పోయి, తాగుతున్న తన దూడను పక్కకు జరిపి పితికి తెచ్చింది. చెంబు నాయనమ్మకిస్తూ, "నువ్వు నడువు, తాపే గొట్టం నేను తెస్త" అని వెనకే వచ్చేసింది.

ఇద్దరూ దూడకు చెరోపక్క కూర్చున్నారు. ఒకరు దవడ పట్టుకుంటే ఇంకొకరు వెదురు గొట్టంతో కొద్దికొద్దిగా పోశారు. మొదట పోసిందంతా బయటికే వచ్చింది. తర్వాత ఒక గుటక వినిపించింది, ఇంకొకటి. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు దూడ కాళ్లు వణుకుతూ లేచి తల్లి పొదుగును వెతుక్కుంది. అవ్వ నా మొహం చూసి, పొయ్యి మీది గిన్నె చూసి, ఎవరూ చెప్పకుండానే సంగతంతా గ్రహించింది. జున్ను ముక్క ఒకటి తెంపి నా నోట్లో పెట్టబోతే, నోరు తెరవలేక ఆవిడ ఒళ్లో తల దాచుకుని ఏడ్చాను. ఆ తర్వాత నీళ్ల వంతు ఎవరిదని తేలిందో నాకు గుర్తు లేదు, అసలు తేల్చుకున్నారన్న నమ్మకం కూడా లేదు.

చాలా రోజులకు నాయనమ్మను అడిగాను, అట్లా పోయి అడగడానికి సిగ్గనిపించలేదా అని. "ఎందుకనిపియ్యలే పిల్లా, మస్తు అనిపించింది. కానీ నా సిగ్గుతోని దుడ్డెకేం పని?" అంది. గుళ్లలో, ప్రవచనాల్లో ఎన్ని మంచి మాటలు విన్నా, నాలోపలికి దిగింది ఆ ఒక్క మాటే.

ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. సీతాఫల్‌మండిలో మా చెల్లెలుంది. ఆ చలికాలంలో అమ్మ కన్నది తననే. తనకూ నాకూ మాటలు లేక మూడేళ్లయింది. ఎందుకు మొదలైందో చెబితే మీరు నవ్వుతారు. ఇప్పుడు పాలు, పెరుగు, మందులు, ఆఖరికి పోపులోకి కరివేపాకు కూడా గుమ్మం ముందుకే వస్తున్నాయి, ఒకరి వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడే అవసరం ఎవరికీ లేదు. సుఖమే, కాదనను. కానీ నాయనమ్మ గట్టు దాటడానికి చావుబతుకుల్లో ఉన్న ఒక దూడ ఉంది, నా చేతిలో అలాంటి వంక కూడా ఏదీ లేదు. ఏమీ అడగాల్సిన పని లేకుండా వెళ్లి, ఊరికే, నిన్ను చూడాలనిపించి వచ్చానే అని చెప్పడానికి నాయనమ్మకున్న ధైర్యం కన్నా ఎక్కువే కావాలని ఈ వయసులో తెలుస్తోంది. చెల్లెలికి అరవై దగ్గర పడుతున్నాయి, తనకు చలి అస్సలు పడదు, ఈ చలికాలం దాటేదాకా నేను ఆగకూడదు.