పది నుంచి వెనక్కి

తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఆ బడికి నేను చేసిన మేలు అదొక్కటే. ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి చిలకలగూడ వచ్చిన మా నాన్న ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాదంతా నేను మైకుతో మాట్లాడాను. కాలనీలో తంబోలా అయినా, వినాయకుడి మండపమైనా మైకు నాదే. ఇంట్లో మాటలు రాని చెల్లెల్ని నవ్వించే పనీ నాదే. ఆ చెల్లెలి పుణ్యమా అని ముప్పై దాటాక ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి, డిప్లొమా చేసి, అలాంటి పిల్లలకే టీచర్నయ్యాను. మైకు మాత్రం వదల్లేదు.

మా క్లాసులో ఏ పనైనా ఉన్నట్టుండి ఆపేస్తే పిల్లలు తట్టుకోలేరు. అందుకని పది నుంచి వెనక్కి లెక్కపెడతాను. సున్నా అంటే పని అయిపోయినట్టు. నా నోరు ఊరుకోదు కాబట్టి రెండు తర్వాత ‘ఒకటిన్నర’ అని ఇరికిస్తాను. పిల్లల్ని తికమక పెట్టొద్దని హెడ్ మేడమ్ రెండుసార్లు చీవాట్లు పెట్టింది.

కిందటేడు చవితికి నా క్లాసులోని ఒక పదేళ్ల పిల్లనీ వాళ్లమ్మనీ మండపానికి రమ్మన్నాను. ఆ పిల్లకు మాటలు లేవు, పెద్ద చప్పుడంటే హడల్. ఈ సంగతి వాళ్లమ్మ తర్వాత నాకే బాగా తెలుసు. అయినా జనం నవ్వుతున్నారు కదా అని సౌండ్ పెంచమన్నాను. నాలుగో జోకు పూర్తికాకముందే తల్లి స్టేజీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పిల్ల చేయి విడిపించుకుని పోయిందట. మండపం వెనక సందు, సందు చివర స్టేషనుకు పోయే బస్సుల రోడ్డు.

కుర్రాళ్లు రోడ్డు వైపు ఉరికారు. డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

“సార్, జెర మైక్‌ల గట్టిగ పేరు పిలువుండ్రి,” అంది తల్లి.

“గట్టిగ పిలిస్తే ఇంకా దూరం పోతదమ్మా.”

డప్పులు ఆపించి, సౌండ్ తగ్గించి మైకు అందుకున్నాను. కమిటీ పెద్దాయన పళ్లు కొరికాడు. “ఏందన్నా, గిప్పుడు సుత నీ మైకేనా?”

ఆయన వైపు చూడకుండా స్టేజీ అంచుకు నడిచాను.

క్లాసులో గొంతుతోనే మొదలుపెట్టాను. పది, తొమ్మిది, ఎనిమిది. వెకిలివేషాలకు ఇది వేళ కాదని తిన్నగా సున్నాదాకా లెక్కపెట్టాను. ఎవరూ రాలేదు. రోడ్డు మీద ఏదో బస్సు కీచుమని ఆగింది. తల్లి అక్కడే నేల మీద కూలబడింది.

మళ్లీ పది నుంచి. మూడు. రెండు. “ఒకటిన్నర,” అన్నాను.

నా కాళ్ల కింద, స్టేజీ చెక్కల అడుగున, కిలకిలమని నవ్వు.

కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, స్టేజీ చుట్టూ కట్టిన పరదా ఎత్తాను. మడతకుర్చీల మధ్య ముడుచుకుని నావైపే చూస్తోంది, కదలడం లేదు. అవును మరి, లెక్క ఇంకా పూర్తికాలేదు. మైకు పక్కన పెట్టి, ఆ పిల్లకొక్కదానికే వినబడేట్టు చెప్పాను: ఒకటి. సున్నా.

బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంది.