అల్లుడి సినిమా

నిశ్చితార్థం నాడు మా మామ నన్ను వసారాలోకి పిలిచి, మీకేమన్నా ఇష్టముంటే మొహమాటం లేకుండా చెప్పండప్పా అన్నారు. ఆయన మనసులో ఉన్నది ఉంగరమో వాచీయో అయి ఉంటుంది. నాకేమో ఏమీ ఆశించని మనిషిగా కనపడాలని తాపత్రయం. ఏమీ వద్దు మామా అని అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. గొప్పకు పోయి, ఒక సినిమా డిస్కు కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను, అది తప్ప నాకే కోరికలూ లేవు అన్నాను. ఏం సినిమా అని అడిగారు. ఇంగ్లీషుది, బొమ్మల పుస్తకాల్లోంచి తీసిన కథ, ముసుగు వేసుకున్న వీరుడొకడు చెడ్డవాళ్లను పట్టి శిక్షిస్తాడు అని చెప్పాను. పేరు ఫోనులో పంపమన్నారు. పంపాను.

చెప్పకుండా దాచిందే ఎక్కువ. అది పెద్దలకు మాత్రమే అని ముద్ర పడిన సినిమా. కాలేజీ రోజుల్లో హాస్టల్ గది తలుపు వేసుకొని చూశాను. అందులో వీరుడు ఎవరినీ పోలీసులకు అప్పగించడు, ఎముకలు విరుస్తాడు. ఎప్పుడు చూసినా వాన, చీకటి, రక్తం. ఫోనుల్లో వచ్చేది అక్కడక్కడా కోసేసిన సినిమా. ఏమీ కోయనిది డిస్కులోనే ఉందట. నాకు కావలసింది ఆ కోయనిదే.

తర్వాత పెళ్లి పనుల్లో పడి ఆ సంగతి మరిచిపోయాను. మామ మరిచిపోలేదు.

మా వైపు ఒక అలవాటు ఉంది. పెళ్లి వీడియో చేతికి రాగానే అమ్మాయి పుట్టింట్లో విందు పెట్టి, చుట్టాలందరినీ కూర్చోబెట్టి దాన్ని చూస్తారు. ఎవరు ఏ చీర కట్టుకొచ్చారు, ఎవరు అలిగి మూల కూర్చున్నారు, అన్నీ తేలేది ఆ రోజే. అలా పోయిన ఏడాది నేనూ నా భార్యా హోసూరు నుంచి మామ వాళ్ల ఊరు గురుబరపల్లికి వెళ్లాం. ఇప్పుడు డిస్కు వేసే పెట్టె ఎవరింట్లో ఉంది? కృష్ణగిరిలో మా పెళ్లి వీడియో తీసినాయన దగ్గరే మామ దాన్ని అడిగి తెచ్చారు.

నాటుకోడి పులుసు, రాగి ముద్ద, ఆ మీద తీపికి ఒబ్బట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు, పిల్లలు చాపల మీద, మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. సోఫా నా ఒక్కడికే. రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టారు. కొత్త అల్లుడు వేస్తేనే మొదలు, ఆపితేనే ఆఖరు. వీడియో చూసినంతసేపూ ఇల్లంతా నవ్వులే. తాళి కట్టేటప్పుడు నా చేతులు వణికాయని నా భార్య నాయనమ్మ, అంటే ఇంటిల్లిపాదికీ అవ్వ, నన్ను ఒక ఆట ఆడుకుంది.

అది అయిపోగానే మామ లోపలికెళ్లి ఒక పొట్లం తెచ్చారు. విప్పితే నల్లటి అట్ట. దాని మీద వానలో వెనక్కి తిరిగి నిలబడ్డ ముసుగు మనిషి. నా డిస్కు. హోసూరులో దొరకక, బెంగళూరులో అంగడి అంగడీ తిరిగి పట్టుకొచ్చారట. మా అల్లునికి ఇష్టమైన సినిమా, అందరం కలిసి చూస్తా ఉండాము అని చుట్టాలకు చెప్పి, తానే పెట్టెలో వేశారు. నిజం చెప్పాలి, ఆ అట్ట చూసిన క్షణం నాకు పట్టరాని సంతోషం కలిగింది. లోపల ఏముందో గుర్తొచ్చేసరికి సినిమా మొదలైపోయింది.

భాష ఎవరికీ అర్థం కావడం లేదు. అందరూ నా వైపు తిరిగారు. కథ చెప్పడం నా పని అయింది. అవ్వ కళ్లద్దాలు సవరించుకుంది.

"వీడు మంచోడేనా అప్పా?"

"మంచోడే అవ్వా."

అంతలోనే ఆ మంచోడు ఒక ముసలి కాపలాదారుని గోడకు ఆనించి మోచేయి విరిచాడు. ఎముక చప్పుడు హాలంతా వినిపించింది.

"మంచోడైతే ఆ ముసలోన్ని ఏల కొడతాండాడు?"

హాస్టల్లో ఆ చోట మేము ఈలలు వేసేవాళ్లం. ఇప్పుడు చాపల మీద అందరూ బిగుసుకుపోయి కూర్చున్నారు. ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ ఒడిలో మొహం దాచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇదా నేను ఇన్నాళ్లు వెతికింది?

రిమోట్ నా చేతిలోనే ఉంది. ఆపవచ్చు. కానీ ఆపితే మామ అన్ని అంగళ్లు తిరిగి తెచ్చినదాన్ని చుట్టాల ముందు తీసిపారేసినట్టు అవుతుందేమోనని నా భయం. అల్లుడు చూస్తున్నదాన్ని ఆపమంటే మర్యాద కాదని వాళ్ల భయం. ఒకరి మర్యాద కోసం ఒకరం ఆ ఘోరాన్ని చూస్తూ కూర్చున్నాం. నా భార్య ఒకసారి నా వైపు చూసి తల దించుకుంది.

తర్వాత ఏమి వస్తుందో ఆ హాల్లో నా ఒక్కడికే తెలుసు. వీరుడు ఒక సారా కొట్టు మెట్లెక్కుతాడు, పైగదిలో ఆడవాళ్లుంటారు, వాళ్ల ఒంటి మీద బట్టలుండవు. వాడు మెట్లెక్కుతున్నాడు. తొందరగా జరిపేద్దామని ఏదో మీట నొక్కాను. ఆ పాడు రిమోట్ నాకు కొత్త. బొమ్మ జరగలేదు. సరిగ్గా ఆ గదిలోనే నిలిచిపోయింది.

అప్పుడు మామ లేచారు. వైరు లూజైనట్టు ఉండాది అంటూ వెళ్లి, మా వైపు తిరిగి, టీవీకి అడ్డంగా నిలబడ్డారు. ఆయన సన్నటి మనిషి. పంచె అంచులు వీలైనంత పక్కలకు లాగి పట్టుకొని కప్పబోయారు. కప్పింది సగమే. నేను మీటల మీద మీటలు నొక్కుతున్నాను. అత్త కాఫీ పెడతానని లేచింది. ఒక్క కాఫీకి ఆడవాళ్లందరూ సాయం వెళ్లారు. చివరికి నా భార్య వచ్చి గోడ దగ్గర స్విచ్చి ఆపింది. భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

కాఫీ ఇచ్చారు. మామిడి కాపు గురించి మాట్లాడారు. ఆ మర్యాద నన్ను ఇంకా కాల్చింది.

బయలుదేరేటప్పుడు ఆకూ వక్కా, టెంకాయ పెట్టిన పసుపు సంచిలో ఆ డిస్కునూ పెట్టి ఇచ్చారు. అల్లుడికిచ్చింది వెనక్కి తీసుకోకూడదు కదా. మామ రోడ్డు దాకా వచ్చారు. నా భార్య కారులో కూర్చున్నాక, నన్ను పక్కకు పిలిచి, రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తూ అడిగారు.

"ఒక మాట అడుగుతానప్పా. ఆ ముసుగోడు కడాకైనా బాగుపడతాడా?"

ఆయన అడిగేది సినిమా గురించి కాదని తెలుస్తూనే ఉంది. కన్నకూతురిని నా చేతిలో పెట్టిన మనిషి. తలుపు వేసుకొని ఇలాంటివి చూసేవాడు ఎలాంటివాడో ఆయనకు తెలియాలి.

"బాగుపడతాడు మామా," అన్నాను. బాగుపడడు. చివరికి వాడు ఇంకా దుర్మార్గుడవుతాడు.

హోసూరు దగ్గరపడ్డాక నా భార్య, మా నాయన ఏమడిగినాడు అంది. చెప్పాను. నువ్వేం చెప్పినావు అంది. అదీ చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఇంటికి రాగానే డిస్కును బీరువాలో పాత బట్టల అడుగున తోసేశాను.

మొన్న మామ ఫోను చేశారు. ఈ ఆదివారం మేము అక్కడికి వెళ్లాలి.

"అవ్వ ఆ సినిమాను మరవలేదప్పా. వాడు కడాకు బాగుపడతాడని నేను చెప్పినాను. ఆ కడా భాగం మాత్రం చూపించమంటా ఉండాది. డిస్కు తెస్తారా?"

పక్కన నా భార్య కూరగాయలు తరగడం ఆపి నా మొహమే చూస్తోంది.

"అట్లాంటి భాగం దాంట్లో లేదు మామా. వాడు బాగుపడడు. ఆ పొద్దు మీకు అబద్ధం చెప్పినాను."

"నాకు ఆ పొద్దే తెలుసప్పా," అన్నారు మామ. "డిస్కు వద్దులెండి. మీరిద్దరూ రండి. అవ్వకు నేనే ఏమన్నా చెప్పుకుంటాను."

నా కోసం మళ్లీ ఆయనే అడ్డం నిలబడ్డారు.