పంతులమ్మగారు సగంలో ఆపిన కథ

మన స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళందరికీ. మాచర్ల వదినగారి మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? సత్తెనపల్లి చిన్నమ్మ దగ్గు తగ్గిందా, ఇంకా కషాయమేనా? కారెంపూడి కోడలుపిల్లకు నెలలు నిండుతున్నాయని విన్నాను. వాగు పొంగకముందే పుట్టింటికి పంపండి. మీరంతా క్షేమమని తెలిసేదాకా నాకు అన్నం సయించదు.

ఇక రాయక తప్పని సంగతి. పోయిన ఆదివారం తెల్లవారుజామున, ప్రార్థన గంట కొట్టకముందే, మా ఊరి మిషను బడి పంతులమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది.

యాభై దాటిన నాచేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఈ నాలుగు ముక్కలు రాయగలిగానంటే ఆ చలవే.

మిరపకాయలు ఇళ్ళకు చేరే రోజుల్లో, బడి విడిచాక ఆవిడ వసారాలో కూర్చుని అందరం తొడిమలు తీసేవాళ్ళం. ఆవిడా తీసేవారు. ఒళ్ళో ఇంగ్లీషు పుస్తకం ఉండేది. చెయ్యి కొంగుకు తుడుచుకుని పేజీ తిప్పి, చదువుకుని, మాకు తెలుగులో చెప్పేవారు. దొరల పుస్తకం కదా, రాజులూ యుద్ధాలూ ఉంటాయనుకున్నాం. తీరా వింటే, వాళ్ళ చర్చిలో ముందు బల్ల మీద చోటు కోసం పోట్లాడుకునే పెద్దమనుషులు. అత్త ప్రాణం పోకముందే ఆమె గిన్నెలు పంచుకునే కోడళ్ళు. ఒక పాత చొక్కా దానం చేసి ఏడాదంతా చెప్పుకునే దొరసాని.

ఏ సభకైనా తన కుర్చీ ముందుగా పంపించే మా మునసబుగారు, ఆ ముందు బల్ల కథకు అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. "అచ్చం మా బావమరిదేనమ్మా! ఆడి సంగతి ఆళ్ళకెవరు చెప్పారు?" అన్నారు. మేమంతా తలలు దించుకుని తొడిమలు తీశాం.

ఆయన వెళ్ళాక పంతులమ్మగారు అన్నారు. "నవ్వొస్తే పక్కింటోళ్ళ కత. కోపమొస్తే మన కత."

నాకూ ఒకరోజు కోపమొచ్చింది. కథలోకి ఒక ముసలావిడ వచ్చింది. తలుపు చప్పుడైతే ఎవరు పోయారని అడుగుతుంది. ఇంట్లో అందరూ రాయిలా ఉండగానే చావుబట్టలు కుట్టించి పెట్టెలో దాచింది. నీళ్ళంటే భయం, పడవంటే భయం.

"ఏమే వదినా, నువ్వు దొరల సీమకెప్పుడు పోయొచ్చావే?" అంది పక్కింటి మరదలు. అందరూ ఒకటే నవ్వు. నేను చాట తీసుకుని ఇంటికి వచ్చేశాను. రెండు వారాలు ఆ గడప తొక్కలేదు.

పంతులమ్మగారే వచ్చారు.

"నా సంగతి కతలో కలిపి పదిమందిని నవ్విస్తారా?" అన్నాను.

"అక్కా, ఆ పుస్తకం మీ అమ్మ పుట్టకముందే అచ్చేశారు. నిన్ను చూసి ఎట్టా రాస్తారు?"

"మరి నా గుండెలో దడ ఆళ్ళకెట్టా తెలిసింది?"

ఆవిడ నవ్వబోయి ఆగారు. "నీలాగా దడపడే మడిసి సముద్రాల అవతల కూడా ఉందన్నమాట. నువ్వొక్కదానివే అనుకున్నావా? ఆ రాసినాయన ఆమెను ఎగతాళి చేశాడేగాని చెయ్యి వదల్లేదు. ఆఖరుదాకా విను."

మర్నాడే వెళ్ళాను. వింటూ నేను కూడా నవ్వాను. నా మీద నేను నవ్వుకోవడం అదే మొదలు. దిగులు పోలేదు, కాని ఆ పూటకు బరువు తగ్గింది.

తరువాత ముసలావిడ కూతురు దూరదేశంలో జబ్బుపడింది. పడవంటే హడలిపోయే తల్లి పెట్టె సర్దుకుని రేవుకు వచ్చింది. ఓడకు వేసిన బల్ల మీద ఒక కాలు పెట్టింది. ఆ పేజీ దగ్గర పంతులమ్మగారికి చలిజ్వరం వచ్చింది.

మంచం మీదున్న మనిషిని కథ ఏమైందని అడగలేక ఊరుకున్నాను. ఆవిడే పుస్తకం నా చేతిలో పెట్టి, "నా సొంతంది. నీ దగ్గరుంచుకో" అన్నారు.

సమాధి చేసిన మూడోనాడు బడి మేనేజరుగారు పంతులమ్మగారి ఇంట్లో పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చి, నా చేతిలోది కూడా అడిగారు. "నీకు ఇంగ్లీషు రాదు గదమ్మా, ఇదేం చేసుకుంటావు?" అన్నారు.

"బీరువాలోయి పట్టుకెళ్ళండి బాబూ. ఇది ఆమె నాకిచ్చింది. ఇంకా వినాల్సింది ఉంది, ఇవ్వను" అన్నాను. ఆయన వెళ్ళాక ఇంటికి వచ్చి, పుస్తకం పెట్టెలో అడుగున దాచాను. మళ్ళీ వచ్చినా అదే మాట చెబుతాను.

పంతులమ్మగారి చెల్లెలు నరసరావుపేటలో టీచరు. కార్డు రాశాను. తక్కిన కథ చెబుతాను రమ్మని జవాబిచ్చారు. తోడు వస్తామన్న వాళ్ళకు మిరపపనులున్నాయి. నేను ఇంతవరకు రైలెక్కలేదు. టిక్కెట్టు ఎక్కడ జారిపోతుందో, దిగాల్సిన స్టేషను ఎక్కడ దాటిపోతుందో, వానలో పుస్తకం తడుస్తుందేమో అని పదిసార్లు అనుకున్నాను. అయినా వెళ్తాను. విని వచ్చి, తొడిమలు తీసే వాళ్ళందరికీ నేనే చెబుతాను.

ప్రయాణం వచ్చే శనివారం పొద్దుటి రైలుకు. అప్పటిదాకా ఆ ముసలావిడ బల్ల మీద ఒక కాలు వేసి, కింద నీళ్ళు చూడకుండా, రేవులో నిలబడే ఉంటుంది.