ముప్పై ఆరు తేడా

పెద్ద సంఖ్య కనబడితే నా చేయి ఊరుకోదు. పదిహేనేళ్లుగా చొప్పదండి పక్క ఊరి బడిలో లెక్కలు చెబుతున్నాను కదా, బస్సు టికెట్టు మీది నెంబరైనా సరే, అంకెలు కూడి దేనితో పోతుందో చూడందే పారేయను. అన్న గల్ఫ్ పోయి గుర్తింపు కార్డు ఫొటో పంపినప్పుడూ అదే చేశాను. పది అంకెలు. కూడితే నలభై రెండు, చివర రెండు. అంటే ఆరుతో శేషం లేకుండా పోతుంది. ఆ ముక్క చెబితే అన్న ఫోన్లోనే నవ్వాడు.

"నీకేం పని లేదారా? జర అవ్వను, బాపును మంచిగ చూసుకో."

మొన్నటి ఎండాకాలం ఒక పొద్దున, అన్న ఉండే కూలీల క్యాంపులో మంటలు లేచాయని తెలిసింది. ఆయన ఫోన్ స్విచ్చాఫ్. మధ్యాహ్నానికి మా ఊరి గల్ఫోళ్ల వాట్సాప్ గ్రూపులో చనిపోయినవాళ్ల జాబితా వచ్చింది. పేర్లు లేవు, కార్డు నెంబర్లే. అక్కడ ఎవరో చదువుతుంటే ఇంకెవరో టైపు చేశారట.

వదిన అన్న కార్డు జిరాక్స్ పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో నెంబరూ పోల్చింది. అన్నది చివర 7362. జాబితాలో ఒకదానికి మొదటి ఆరు అంకెలూ అవే. చివర మాత్రం 7326.

"మనది గాదు మామా! మనది గాదు!" ఏడుస్తూనే బాపు వైపు తిరిగి నవ్వింది.

బాపు తేరుకున్నాడు. "ఒక్క బ్యాచ్‌ల పోయినోళ్ల నెంబర్లు దగ్గర దగ్గరనే ఉంటయి. పాపం, ఎవ్వల కొడుకో."

నేను మాత్రం తీసివేత చేశాను. చేయకపోతే బాగుండేది. తేడా ముప్పై ఆరు. తొమ్మిదో ఎక్కంలోది. ఎంత పెద్ద సంఖ్యలోనైనా రెండు అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. అంకెల మొత్తం మారదు. ఇదీ నలభై రెండే, ఇదీ ఆరుతో పోతుంది. ఆరు, రెండు అని చెబితే రెండు, ఆరు అని రాసే పిల్లల్ని రోజూ చూస్తాను. దగ్గరి నెంబర్లలో తొమ్మిదింట ఒకటి ఊరికే కూడా అట్లా పడుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఇంకోసారి తీసివేసి చూశాను, ముప్పై ఆరే.

వదిన చక్కెర గిన్నెతో వచ్చి నా ముందు నిలబడింది. "తమ్మీ, నువ్వు లెక్కల సార్వి. నువ్వు గూడ చూసి చెప్పు. మనది గాదు గదా?"

"కాదు వదినె," అన్నాను.

ఆమె నా నోట్లో చక్కెర పోసింది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, కంచం పెట్టుకుని కడుపు నిండా తిన్నది. ఇంకొంచెం పచ్చిపులుసు పోసుకుని బిడ్డతో ఏదో అని నవ్వింది కూడా.

మర్నాడు సరిచేసిన జాబితా వచ్చింది. చివర 7362.

శవం రావడానికి మూడు వారాలు పట్టింది. దినాలు అయిపోయిన మర్నాడు, ఇంట్లో చుట్టాలెవరూ లేనప్పుడు వదిన అడిగింది.

"నీకు గా దినమే ఎరుకయ్యిందా తమ్మీ?"

అబద్ధమాడే ధైర్యం మళ్లీ రాలేదు. తలూపాను.

"ఆయన ఆడ సచ్చి పడుంటే నేను నవ్వుకుంట బువ్వ తిన్న," అన్నది. "నువ్వు పక్కకే కూసున్నవ్."